తోళ్ల యూనిట్ నీళ్లకు సోలార్: మన సీమ ఎండలో ఏది పనికొస్తుంది, ఎవరికి?

మా కర్నూలు వైపు తోళ్ల పనిలో ఉన్నవాళ్లు నలుగురు కూర్చుంటే మాట తిరిగి తిరిగి నీళ్ల దగ్గరికే వస్తుంది. "ఎండ ఇంత దండిగా ఉంది కదన్నా, ఈ పాడునీళ్లకు సోలార్ ఏదో ఒకటి పెట్టేస్తే పోలా?" అంటారు. గని, శకునాల వైపు వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు కళ్లముందే ఉంటే ఆ మాట రాకుండా ఎట్లా ఉంటుంది. చిక్కేమిటంటే సోలార్ అనగానే ఒకరికి పైకప్పు మీది ప్యానెళ్లు గుర్తొస్తాయి, ఇంకొకరికి ఉప్పుమడి లాంటి సోలార్ పాన్, మూడో ఆయనకు ఎవరో వీడియోలో చూపించిన గాజు గొట్టాలు. ఒకదానికీ ఇంకోదానికీ పొంతన లేదు. ఒకటి కరెంటు ఇస్తుంది, ఒకటి నీళ్లను ఆవిరి చేస్తుంది, మూడోది నీళ్లలో ఉన్న సేంద్రియ పదార్థాన్ని విరగ్గొడుతుంది. తోలును పదును చేయడానికి వాడే క్రోమ్‌ను మాయం చేసేది ఇందులో ఒక్కటీ లేదు.

కాబట్టి ఏ మిషన్ కొనాలి అని కాదు, ఏ నీటికి కొనాలి అని మొదలుపెట్టాలి.

మీ దగ్గర ఉన్నది ఒక రకం నీళ్లు కాదు

కిలో పచ్చితోలు తయారయ్యేసరికి మామూలుగా 30 నుంచి 40 లీటర్ల నీళ్లు ఖర్చవుతాయి. లెక్క తేలిగ్గా ఉండటానికి రోజుకు టన్ను మేకతోళ్లు వేసే యూనిట్ అనుకుందాం. రోజుకు 30 వేల లీటర్లు. ఇదంతా ఒకే కాలువలో కలిపి చివర్లో శుద్ధి చేద్దామనుకోవడమే అన్నిటికంటే ఖరీదైన తప్పు.

మండీలో తోళ్లు కుళ్లకుండా ఉప్పు పట్టిస్తారు. ఆ ఉప్పంతా మొదట నానబెట్టిన నీళ్లలోకి దిగుతుంది. తర్వాత సున్నం తొట్టి: సున్నం, సోడియం సల్ఫైడ్, ఊడిన వెంట్రుకలు, కుళ్లిన గుడ్డు వాసన. ఆ తర్వాత పికిల్, అంటే ఉప్పూ సల్ఫ్యూరిక్ ఆమ్లమూ కలిపిన నీళ్లు. దాని వెనకే నీలి ఆకుపచ్చ రంగులో క్రోమ్ నీళ్లు. వేసిన క్రోమ్‌లో 60, 70 శాతమే తోలు పీలుస్తుంది, మిగిలింది లీటరుకు 2 నుంచి 5 గ్రాముల లెక్కన బయటికొస్తుంది. వీటి మధ్య అన్నిసార్లూ కడిగిన పలుచని నీళ్లు. పరిమాణంలో ఇవే ఎక్కువ.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పేస్తాను. పికిల్ నీళ్లను సున్నం నీళ్లలో కలపొద్దు. ఆమ్లం తగలగానే సల్ఫైడ్ నుంచి హైడ్రోజన్ సల్ఫైడ్ గ్యాస్ లేస్తుంది. గాఢత పెరిగితే దాని వాసన కూడా తెలియదు, ముక్కు మొద్దుబారిపోతుంది. సంపులో దిగినవాడు కూలిపోతే, వాణ్ని తీయడానికి దిగిన రెండోవాడూ కూలిపోతాడు. సోలార్ సంగతి తర్వాత, ముందు ఈ రెండు పైపులు వేరు చేయండి.

వాగులోకి వదిలే నీళ్లలో మొత్తం క్రోమియం లీటరుకు 2 మిల్లీగ్రాములు, ప్రమాదకరమైన ఆరు వేలెన్సీ క్రోమియం 0.1, బీఓడీ (బ్యాక్టీరియా తినగల మురికి ఎంతుందో చెప్పే కొలత) 30, సీఓడీ (రసాయనంతో కొలిచే మొత్తం సేంద్రియ మురికి) 250, కరిగిన లవణాలు 2100 మిల్లీగ్రాములు దాటకూడదు. మామూలు ఈటీపీ, అంటే యూనిట్ మురుగునీళ్లను శుద్ధి చేసే ప్లాంటు, బాగా నడిస్తే బీఓడీ, క్రోమ్ దారికొస్తాయి. ఉప్పు మాత్రం రాదు. బ్యాక్టీరియా ఉప్పును తినదు, పటిక దాన్ని అడుక్కి దించదు. తమిళనాడులో పాలారు ఒడ్డున టానరీలున్న వాణియంబాడి, ఆంబూరు వైపు బావులు చెడిపోయి, 1996లో సుప్రీంకోర్టు దాకా వెళ్లిన కథలో ఉప్పుదీ పెద్ద పాత్రే. మన దగ్గర సోలార్‌కు అసలు పని ఈ ఉప్పు దగ్గరే.

వేటిని బట్టి పోల్చాలి

అమ్మేవాళ్లు 'శాతం శుద్ధి' అని ఒక్క అంకె చూపిస్తారు. దాన్ని పక్కన పెట్టి నేను ఐదు చూస్తాను: ఎంత చోటు కావాలి, వానకాలంలో ఏమవుతుంది, నీళ్లు తిరిగొస్తాయా, చివరికి చేతిలో ఏ చెత్త మిగులుతుంది, దాన్ని నడపడానికి ఎలాంటి మనిషి కావాలి. చివరిదాన్ని అందరూ తేలిగ్గా తీసుకుంటారు. నెలకు ఒకసారి వచ్చే ఇంజనీరు మీద ఆధారపడే ప్లాంటు ఆరు నెలల్లో కోళ్ల గూడు అవుతుంది.

సోలార్ పాన్: పాత పద్ధతే, లెక్క తప్పకపోతే

తమిళనాడు టానరీలు నానబెట్టిన నీళ్లకు, పికిల్‌కు దశాబ్దాలుగా వాడుతున్నది ఇదే. లోతు తక్కువ తొట్లు కట్టి, ఉప్పునీళ్లు పోసి, ఎండకు వదిలేయడం. ఉప్పునీళ్లకు రోజుకు సగటున 4.5 మిల్లీమీటర్ల చొప్పున లెక్కేసుకోవచ్చు. అంటే చదరపు మీటరుకు నాలుగున్నర లీటర్లు.

మన టన్ను యూనిట్‌లో నానబెట్టినవి, పికిల్ కలిపి రోజుకు 8 వేల లీటర్లు అనుకోండి. 8000ను 4.5తో భాగిస్తే 1780 చదరపు మీటర్లు, అంటే 44 సెంట్లు. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. ఆకాశం నుంచి పడే నీళ్లు కూడా ఆ పాన్‌లోనే కదా పడేది! ఏడాదికి ఆవిరయ్యేది 1640 మిల్లీమీటర్లు, కరువు సీమ అని పేరున్న అనంతపురంలో కూడా పడే వాన దాదాపు 550. అది తీసేస్తే మీ నీళ్లకు మిగిలేది 1090. ఇప్పుడు లెక్క వేస్తే 2680 చదరపు మీటర్లు, అంటే 66 సెంట్లు. కర్నూలు, కడపల్లో వాన ఇంకాస్త ఎక్కువ, కాబట్టి 70 సెంట్లు దాటుతుంది. మొత్తం 30 వేల లీటర్లనూ పాన్‌కే పంపుదామంటే రెండున్నర ఎకరాలు. నీళ్లు ఎందుకు వేరు చేయాలో ఈ ఒక్క లెక్క చాలు.

ఏప్రిల్, మే నెలల్లో పాన్ చూస్తే ముచ్చటేస్తుంది. పొద్దున నించున్న నీళ్లు వారం తిరిగేసరికి అంచుల్లో తెల్లగా పేరుకుంటాయి. అసలు పరీక్ష సెప్టెంబరు, అక్టోబరుల్లో. నాలుగు రోజులు ముసురు పట్టిందంటే నెల రోజుల కష్టం మళ్లీ నీళ్లవుతుంది. ఉప్పు చిక్కబడే కొద్దీ ఆవిరయ్యే వేగం కూడా తగ్గుతుంది, పైన పొర కడితే ఇంకా తగ్గుతుంది. రోజూ కర్రతో ఆ పొర విరగ్గొట్టే మనిషి ఉండాలి. కనీసం రెండు నెలల నీళ్లు పట్టే నిల్వ తొట్టి లేకుండా పాన్ కట్టొద్దు. ఇక హంద్రీ, తుంగభద్ర పక్కన చవగ్గా వచ్చిందని స్థలం తీసుకోవద్దు, 2009 అక్టోబరు వరద చూసినవాళ్లకు ఇంతకంటే చెప్పనక్కర్లేదు.

అడుగు గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే నేను దెబ్బతిన్నది అక్కడే. నేను మొదట్లో పనిచేసిన ఒక యూనిట్‌లో నల్ల రేగడి మీద పలుచని ప్లాస్టిక్ షీటు పరిచి పాన్ అన్నారు. వేసవిలో ఉప్పు గీకడానికి ఆడవాళ్లు పారలతో దిగారు. పార మొన తగిలిన ప్రతిచోటా షీటు చిరిగింది, కింద రేగడి నెర్రెలు విచ్చి ఉంది. పక్క పొలం బోరు నీళ్లు ఉప్పగా మారడానికి ఎక్కువ కాలం పట్టలేదు. ఆ రైతు గ్లాసులో నీళ్లు తెచ్చి "తాగి చూడు నాయనా" అని నా చేతిలో పెట్టాడు. ఏం చెప్పాలో తెలియలేదు. అడుగున గట్టిపరిచిన బంకమన్ను, దాని మీద మందపాటి హెచ్‌డీపీఈ షీటు, షీటును కాపాడటానికి పైన ఇటుక లేదా కాంక్రీటు ఉండాలి. గీకే పార షీటుకు తగలనే కూడదు.

పైన బండలు పరుద్దామని మన వైపు అందరికీ తోస్తుంది. కడప బండలు, బేతంచెర్ల బండలు చేతికందేంత దగ్గర. నానబెట్టిన ఉప్పునీళ్లకు ఫరవాలేదు. పికిల్ నీళ్లకు మాత్రం వద్దు. అవి సున్నపురాయి బండలు. బాత్రూం కడిగే యాసిడ్ పడితే బండ బుసబుస నురగ కక్కడం ఇంట్లో చూసే ఉంటారు. పికిల్ నీళ్లను పీహెచ్ 7 దాకా తెచ్చాకే బండల మీదికి వదలాలి.

మిగిలే ఉప్పు ఎవరూ కొనరు. అందులో రక్తం, మాంసకృత్తులు, బ్యాక్టీరియా ఉంటాయి, రంగు కూడా బురదరంగు. తోళ్లకు మళ్లీ వాడితే తోలు మీద మచ్చలు పడతాయి. కప్పు కింద నిల్వ చేసి, అనుమతి ఉన్న ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికి పంపడమే దారి. అందుకే పాన్ కట్టే ముందే ఒక పని చేయండి: తోళ్లను తొట్టిలో వేసే ముందు బల్ల మీద గట్టిగా దులిపించండి. రాలిన ఉప్పు నీళ్లలోకి వెళ్లదు, నీళ్లలోకి వెళ్లనిది పాన్‌లోకి రాదు. ఇంతకంటే చౌకైన 'సోలార్' నాకు తెలియదు.

ప్యానెళ్లు: శుద్ధి చేయవు, శుద్ధికయ్యే బిల్లు తగ్గిస్తాయి

ఈటీపీలో కరెంటు తినేది ముఖ్యంగా నీళ్లలోకి గాలి ఊదే బ్లోయర్. 7.5 హార్స్‌పవర్ బ్లోయర్ రోజుకు 20 గంటలు తిరిగితే 112 యూనిట్లు. మన దగ్గర కిలోవాటు ప్యానెల్ రోజుకు సగటున 4 యూనిట్లు ఇస్తుంది, కాబట్టి 28 కిలోవాట్లు కావాలి. సుమారు 3 వేల చదరపు అడుగుల పైకప్పు. తోళ్ల షెడ్డు కప్పు అంత ఉంటుంది. తుప్పు పట్టిన రేకులు ఆ బరువు మోస్తాయా అన్నదే ముందు చూసుకోవాలి.

రాత్రి మాటేంటి? ఆ గాలి వెళ్లే ఏరేషన్ ట్యాంకులో ఉన్నది ప్రాణమున్న బ్యాక్టీరియా, పొద్దు గూకిందని దానికి ఊపిరి ఆపలేం. బ్యాటరీలు పెట్టి లాగుదామంటే ఖర్చు మోయలేరు. డిస్కంతో నెట్ మీటరింగ్ ఒప్పందం చేసుకుని, పగలు ఎక్కువైంది గ్రిడ్‌కిచ్చి రాత్రి తీసుకోవడమే తెలివైన పని. ప్యానెళ్లను సున్నం తొట్ల వైపు గాలి కొట్టే చోట పెట్టొద్దు, ఆ ఆవిర్లకు బోల్టులు, కనెక్టర్లు తొందరగా తినేస్తాయి. వేసవి దుమ్ముకు వారానికోసారి కడగాలి. అంతకుమించి మనిషి పని లేదు. నా లెక్కలో ఈటీపీ ఇప్పటికే సరిగ్గా నడుస్తున్నవాళ్లకు మొదట పెట్టాల్సిన డబ్బు దీని మీదే. ఈటీపీ నడవనివాళ్లకు మాత్రం ప్యానెళ్లు ఎన్ని పెట్టినా పైకప్పు అలంకారమే.

అద్దాలు, డిష్‌లు, ఆవిరి

ఆర్ఓ తర్వాత మిగిలిన ఉప్పునీళ్లను మల్టిపుల్ ఎఫెక్ట్ ఎవాపరేటర్‌లో మరిగిస్తారు. దానికి బాయిలర్, బాయిలర్‌కు కట్టెలు. ఆ కట్టెల బదులు ఎండతో ఆవిరి తీయొచ్చు కదా అన్నది మంచి ఆలోచనే. తిరుమలలో డిష్‌ల ఆవిరితో వేలమందికి అన్నం వండారు కూడా.

కానీ లీటరు నీళ్లు ఆవిరి కావడానికి సుమారు 0.65 యూనిట్ల వేడి కావాలి. మన ఎండ చదరపు మీటరుకు రోజుకు 5 యూనిట్లు, కలెక్టరు అందులో సగం పట్టుకుంటే రెండున్నర. అంటే నాలుగు లీటర్లు. పైన పాన్ ఇచ్చిందీ ఇంచుమించు అంతే! ఉత్త నేల చేసే పనికి అద్దాలు కొన్నట్టు. ఒక ఆవిరి వేడితో రెండో గదిని, దానితో మూడో గదిని మరిగించే మూడు ఎఫెక్టుల యంత్రం ఉంటేనే చోటు మూడో వంతు దగ్గరికి దిగుతుంది. అప్పుడు కూడా లాభం చోటులో, పైగా నీళ్లు తిరిగి రావడంలో. వేసవిలో ట్యాంకర్ల మీద బతికే అనంతపురం యూనిట్‌కు ఆ తిరిగొచ్చే నీళ్ల విలువ చిన్నది కాదు. డిష్‌లకు మబ్బు లేని నేరుగా పడే ఎండే కావాలి, దుమ్ము పడితే పని సగమవుతుంది, సూర్యుడి వెంట తిప్పే యంత్రం చెడితే బాగుచేసేవాడు ఊళ్లో ఉండడు. బాయిలర్‌ను పూర్తిగా తీసేయకుండా, దానికి వెళ్లే నీళ్లను మామూలు సోలార్ వాటర్ హీటర్ గొట్టాలతో ముందే వేడి చేయడం నాకు నచ్చిన మధ్యేమార్గం.

గాజు కప్పు వేసి కిందే ఆవిరి పట్టే సోలార్ స్టిల్ చదరపు మీటరుకు 2 నుంచి 4 లీటర్లే ఇస్తుంది. వాన భయం లేదన్నది నిజమే. చిన్న వర్క్‌షాపుకు సరిపోతుంది, టన్ను యూనిట్‌కు చాలదు.

గాజు గొట్టాల ఫోటోకెటాలిసిస్

పేపర్లలో ఎక్కువగా కనిపించేది, కాలేజీ ప్రాజెక్టుల్లో అందరూ చేసేది ఇదే. టైటానియం డయాక్సైడ్ పొడి ఎండలోని అతినీలలోహిత కిరణాలతో పనిచేస్తుంది, కానీ మొత్తం ఎండలో అవి 5 శాతం దగ్గరే. ఇనుము, హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చేసే ఫోటో ఫెంటన్ ఇంకొంచెం ఎక్కువ వెలుగు వాడుకుంటుంది. దానికి పీహెచ్ 3 దాకా దించాలి, అయ్యాక మళ్లీ పైకి తేవాలి. ఆమ్లం పోసి, క్షారం పోసి, ఉప్పుతో అల్లాడుతున్న నీళ్లకు మనమే ఇంకొంచెం ఉప్పు చేర్చినట్టు. ఉన్న క్లోరైడు కూడా ఈ చర్యకు అడ్డం పడుతుంది. పచ్చి మురుగునీళ్లు చిక్కగా ఉంటాయి కనుక వెలుతురు లోపలికే దూరదు.

క్రోమ్ ఉన్న నీళ్లతో ఇంకో భయం ఉంది. ఘాటైన ఆక్సీకరణ జరిగితే మూడు వేలెన్సీ క్రోమియం ఆరు వేలెన్సీకి మారొచ్చు. ఉన్నదానికంటే విషం ఎక్కువవుతుంది. (అదే కారణంతో క్రోమ్ తోలు తురుమును ఇటుక బట్టీల్లో, బాయిలర్లలో కాల్చొద్దు.) క్రోమ్ నీళ్లను మెగ్నీషియం ఆక్సైడ్ వేసి పీహెచ్ 8 దాటించి, కిందికి దిగిన క్రోమ్‌ను సల్ఫ్యూరిక్ ఆమ్లంలో కరిగించి మళ్లీ డ్రమ్ములోకే వాడుకోవాలి. ఎండకు ఇందులో పని లేదు. అమ్మేవాడు 'క్రోమ్ కూడా ఎండతోనే పోతుంది' అంటే అక్కడే లేచి వచ్చేయండి.

ఇది పనికొచ్చే చోటు ఒకటుంది: బ్యాక్టీరియాతో చేసే జీవశుద్ధి అంతా అయిపోయాక కూడా పోని రంగు, మొండి సీఓడీ.

ప్యానెల్ కరెంటుతో ఎలక్ట్రోకోయాగులేషన్ గురించి కూడా అడుగుతారు. నీళ్లలో ముంచిన ఇనుప పలకల మధ్య నేరుగా డీసీ పంపి మురికిని గడ్డకట్టించడమే. ఉప్పునీళ్లలో కరెంటు బాగా పారుతుంది కాబట్టి ఖర్చు తగ్గుతుంది, పటిక బదులు వాడొచ్చు. పలకలు అరుగుతాయి, వాటి మీద పొర పడుతుంది, బురద మామూలే.

| పద్ధతి | ఏ నీటికి | టన్ను యూనిట్‌కు చోటు | వానకాలం | నీళ్లు తిరిగొస్తాయా | మిగిలేది |
|---|---|---|---|---|---|
| సోలార్ పాన్ | నానబెట్టినవి, తటస్థం చేసిన పికిల్ | 66 సెంట్లు, ఆపైన | ఆగినట్టే | రావు | మురికి ఉప్పు |
| ప్యానెళ్లు | అన్నిటి పంపులకు, బ్లోయర్‌కు | 3 వేల చ.అ. పైకప్పు | తగ్గుతుంది, గ్రిడ్ ఆదుకుంటుంది | సంబంధం లేదు | ఏమీ లేదు |
| కలెక్టర్లు, ఎవాపరేటర్ | ఆర్ఓ మిగులు | పాన్‌లో మూడో వంతు దగ్గర | బాయిలర్ తప్పదు | వస్తాయి | చిక్కని ఉప్పు ముద్ద |
| ఫోటో ఫెంటన్ | జీవశుద్ధి అయినవి | తక్కువ | సగం పని | రావు | ఇనుప బురద |

మీరు ఎవరు?

ఊరి బయట సొంతంగా ఎకరం ఉండి క్రోమ్ పని చేసేవాళ్లు: పాన్, దాని పక్కన ప్యానెళ్లు. ఎర్రనేల అయితే ఇంకా మంచిది, రేగడి అయితే అడుగు మీద ఎక్కువ ఖర్చు పెట్టండి. ఇవేవీ ఇంకా లేక, డబ్బు కూడా ఒకేసారి లేకపోతే వరుస ఇది: పైపులు వేరు చేయడం, క్రోమ్ తిరిగి తీయడం, పాన్, చివర్లో ప్యానెళ్లు. ఈ వరుస తిరగేసినవాళ్లను చాలామందిని చూశాను. ప్యానెళ్లకు సబ్సిడీ ఉందని ఎవరో చెప్తారు, మొదలక్కడే అవుతుంది.

ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో పది సెంట్ల షెడ్డు ఉన్నవాళ్లకు సోలార్ సలహా ఇవ్వడం నాకు ఇష్టం లేదు. చోటు లేదు, అంతే. పచ్చితోళ్లు మానేసి వెట్‌బ్లూ, అంటే అప్పటికే క్రోమ్ పట్టించిన తడితోలు కొని, రంగు, ఫినిషింగ్ మాత్రమే చేయగలరేమో చూడండి. నానబెట్టే నీళ్లు, సున్నం నీళ్లు, పికిల్ అన్నీ ఒక్కసారిగా పోతాయి. లాభం కొంత తగ్గుతుంది, రాత్రి నిద్ర పడుతుంది.

తంగేడు చెక్క, తుమ్మ చెక్క, కరక్కాయతో పాత లంద పద్ధతిలో చేసేవాళ్లకు క్రోమ్ బాధ లేదు. నీళ్లు మాత్రం కాఫీ డికాక్షన్‌లా ఉంటాయి, ఆ రంగు బ్యాక్టీరియాకు తొందరగా లొంగదు. పాత తొట్టి నీళ్లను పారబోయకుండా కొత్త తోళ్ల మొదటి తొట్టికి మార్చుకుంటూ పోతే పారేసేది బాగా తగ్గుతుంది. ఆ తర్వాత మిగిలిన దానికి చిన్న పాన్ చాలు. ఫోటో ఫెంటన్‌ను ఎవరైనా నిజంగా ప్రయత్నించాలంటే ఈ నీళ్ల మీదే చేయాలి.

నిమ్మలకుంట తోలుబొమ్మల వాళ్లలాగా నెలకు కొన్ని మేకతోళ్లు నానబెట్టుకునే ఇళ్లకు ఇందులో ఏదీ అక్కర్లేదు. ఆ నీళ్లను చెరువు వైపు వదలకుండా సిమెంటు తొట్టిలో ఆరబెట్టుకుంటే సరి.

ఏది తేల్చుకున్నా, కాలుష్య నియంత్రణ మండలి అనుమతి పత్రంలో ఉన్న పద్ధతి, నీటి పరిమాణం మార్చే ముందు దరఖాస్తు చేసుకోవాలి. టానరీలు రెడ్ కేటగిరీ. పాన్ కట్టేసి తర్వాత చెప్దాంలే అంటే కుదరదు.

పాన్ వైపు మొగ్గేవాళ్లు స్థలం కొనే ముందు ఒక పని చేయండి. మీటరు పొడవు, మీటరు వెడల్పు తొట్టి తీసుకుని, మీ నానబెట్టిన నీళ్లే జానెడు లోతు పోసి, షెడ్డు నీడ పడని చోట పెట్టండి. లోపల ఒక స్కేలు నిలబెట్టి రోజూ పొద్దున ఏడింటికి ఎంత దిగిందో రాయండి. మే నెలలో మొదలుపెట్టి అక్టోబరు చివరిదాకా రాయండి, వాన పడి పైకి లేచిన రోజులు కూడా. ఆరు నెలల తర్వాత కాంట్రాక్టరు వచ్చి 44 సెంట్లు చాలు సార్ అంటే ఆ నోటుబుక్కు తీసి ఆయన ముందు పెట్టండి.